రేక్ నిండితేనే గూడ్సు బండి

అనంతపురం జిల్లా టమాటా రైతుకు ఒక కోతలో వచ్చేది ఒక లారీ సరుకు, మహా అయితే రెండు. గూడ్సు బండి కదలాలంటే కావలసింది నలభై రెండు వ్యాగన్ల సరుకు, అంటే దాదాపు 2,600 టన్నులు. ఇలా ఒకే బండిగా కదిలే వ్యాగన్ల వరుసనే రైల్వే భాషలో రేక్ అంటారు. ఈ రెండు లెక్కలూ ఎక్కడా కలవవు. రైల్వే లారీకి ఓడిపోయింది వేగంలో అని అందరూ అంటారు గానీ, నాకైతే అసలు ఓటమి ఇక్కడే కనిపిస్తుంది.

1950-51లో దేశంలో కదిలే సరుకులో 85 శాతానికి పైగా రైలు మీదే వెళ్లేది. ఇప్పుడది పావు వంతుకు కాస్త పైన ఉంది. రోడ్లు బాగుపడ్డాయి, లారీ గడప దాకా వస్తుంది, నిజమే. కానీ ఒకప్పుడు చిన్న వ్యాపారి కూడా ఒక్క వ్యాగన్ బుక్ చేసుకునేవాడు. ఆ వ్యాగన్‌ను యార్డుల్లో విడదీసి, కలిపి, మళ్లీ విడదీసి పంపేవారు. ఎప్పటికి చేరుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ గోల పడలేక 1980ల నుంచి రైల్వే పూర్తి రేక్ పద్ధతి వైపు మళ్లింది. బండి మొత్తం ఒకే సరుకు, ఒకచోట లోడింగ్, ఒకచోట దింపుడు. వ్యాగన్లు చురుగ్గా తిరిగాయి, రైల్వే గట్టెక్కింది. రేక్ నింపలేని వ్యాపారి మాత్రం గూడ్స్ షెడ్డు ముఖం చూడటం మానేశాడు. పల్లెల్లో ఇవాళ ‘రేక్’ మాట వినపడేది యూరియా కొరత రోజుల్లోనే. రేక్ వచ్చిందట, రేపు సొసైటీకి లోడు వస్తుందట అని.

రైల్వే మొత్తం లోడింగ్ 2024-25లో 160 కోట్ల టన్నులు దాటింది. గొప్ప సంఖ్యే. అందులో దాదాపు సగం బొగ్గు. వ్యాగన్ల మీద రాసిన అక్షరాలు చూస్తే ఈ బొగ్గు చుట్టూ వ్యవస్థ ఎలా అల్లుకుందో తెలుస్తుంది. బాక్స్‌ఎన్ అంటే పైకప్పు లేని, గోడలు ఎత్తుగా ఉన్న వ్యాగన్. కరెంటు ప్లాంటులో దాన్ని టిప్లర్ యంత్రం పట్టుకుని బకెట్ బోర్లించినట్టు బోర్లిస్తుంది. బాబ్‌ఆర్ఎన్‌కి ఆ అవస్థ లేదు, అడుగున తలుపులు తెరుచుకుంటే బొగ్గంతా నిమిషాల్లో కిందికి జారిపోతుంది. రామగుండం ఎన్టీపీసీకి సింగరేణి గనుల నుంచి సొంత లైన్ మీద గుండ్రంగా తిరిగే రైళ్లు ఈ అడుగు తలుపుల రకమే. బస్తాల సరుకుకు బీసీఎన్, అంటే కప్పు వేసిన వ్యాగన్. సిమెంటు, బియ్యం, ఎరువులు దాంట్లోనే వెళ్తాయి. ఎక్కించడం, దించడం మాత్రం చాలాచోట్ల నేటికీ హమాలీల భుజాల మీదే. వానొస్తే పని ఆగుతుంది, గడువు దాటితే డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము పడుతుంది. పెట్రోలు, డీజిల్‌కి బీటీపీఎన్ ట్యాంకు, దాంట్లో మరొకటి పోసే ప్రసక్తే లేదు.

ఒక్కో సరుకుకు ఒక్కో వ్యాగన్ ఉండటంలో తప్పు లేదు. చిక్కంతా తిరుగు ప్రయాణంలో ఉంది. ప్లాంటులో బొగ్గు దించిన బాక్స్‌ఎన్, డిపోలో డీజిల్ దించిన ట్యాంకు వెనక్కి ఎక్కువగా ఖాళీగానే వెళ్లాలి. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే మూడు గూడ్సు రైళ్లను ఒకటిగా కలిపి ‘త్రిశూల్’ పేరుతో విజయవాడ పక్కన కొండపల్లి నుంచి ఒడిశాలోని ఖుర్దా వైపు నడిపింది. మరునాడు రాయచూరు నుంచి మణుగూరుకు ‘గరుడ’. పేపర్లలో వాటి పొడవు గురించి బోలెడు రాశారు. ఆ రెండూ మోసుకెళ్లింది ఖాళీ వ్యాగన్లను, బొగ్గు నింపుకు రావడానికి. ఖాళీలను తిప్పడానికే ఇంత విన్యాసం అవసరమైందంటే ఆ భారం ఎంతో ఊహించుకోవచ్చు.

రేక్ చట్రం బయటికి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో మన రాయలసీమే చూపించింది. రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్లు ముందు ప్యాసింజర్ రైళ్లకు తగిలించి వెళ్లేవి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఆ రైళ్లు ఆగిపోయాయి. పాలు ఆగవు కదా. వాటి కోసమే విడిగా ఒక రైలు వేశారు. ఒక్కోటి 40 వేల లీటర్లు పట్టే ఆరు ట్యాంకర్లు, దాదాపు 2,300 కిలోమీటర్ల దారి, మెయిల్ రైలు వేగం. జనం నోట అది ‘దూధ్ దురంతో’ అయింది. అదే ఏడాది సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయల్దేరింది. అది గూడ్సు రేక్ కాదు, పార్సిల్ వ్యాన్లు. తలా కొన్ని బుట్టలు తెచ్చిన రైతుల సరుకూ ఎక్కింది, కిరాయిలో సగం రాయితీ కూడా ఇచ్చారు. పాల రైలుకు రోజూ అంతే పాలు దొరుకుతాయి, పండ్లకు సీజన్ ఉంటుంది. రాయితీ లేని రోజున, సీజన్ కాని రోజున కూడా ఆ బండి టైముకు బయల్దేరుతుందనే నమ్మకం రైతుకు కలగాలి. అది లేకపోతే ఎంత ఊరేగింపుగా జెండా ఊపినా అతను లారీనే పిలుస్తాడు.

రైల్వే మినీ రేక్ పెట్టింది, ఇరవై వ్యాగన్లకు. అదీ 1,200 టన్నుల మాటే. మిర్చి వ్యాపారికి అంత సరుకు ఒకేసారి ఎక్కడిది? నా లెక్కలో దారి కంటైనర్లదే. అడుగు చట్రం మాత్రమే ఉండే బీఎల్‌సీ వ్యాగన్‌కు పైన ఉన్న పెట్టెలో ఏముందో అక్కర్లేదు. వెళ్లేటప్పుడు మిర్చి, వచ్చేటప్పుడు ఫ్రిజ్‌లు. ఏసీ పెట్టె అయితే అరటి కూడా. 2020 జనవరిలో తాడిపత్రి అరటి అలాగే రైలెక్కి ముంబై ఓడరేవుకు, అక్కడి నుంచి ఓడలో విదేశానికి వెళ్లింది. పశ్చిమాన గూడ్సు బండ్ల కోసమే వేసిన 1,506 కిలోమీటర్ల ప్రత్యేక రైలు మార్గంలో, అంటే సరుకు కారిడార్‌లో కంటైనర్ల మీద కంటైనర్లు పేర్చి రెండంతస్తుల రైళ్లు నడుస్తున్నాయి. ఖరగ్‌పూర్–విజయవాడ, ఇటార్సీ–విజయవాడ కారిడార్లను 2021 బడ్జెట్‌లో ప్రకటించారు. మన వైపు అవి ఇంకా కాగితం దాటలేదు.

కారిడార్ వచ్చేదాకా ఆగాలా? అక్కర్లేదనే నేనంటాను. వారానికి రెండుసార్లు ఖాయమైన టైముకు కదిలే కంటైనర్ రైలు, అందులో ఒక్క పెట్టె బుక్ చేసుకునే వీలు ఉంటే గుంటూరు మిర్చి యార్డుకు చాలు. పెనుకొండ దగ్గర తయారయ్యే కార్లు రైలెక్కి దూరాలకు వెళ్తున్నాయి. ఇలాంటి కార్ల రవాణాకు రైల్వే ఏళ్ల తరబడి వాడిన ఎన్ఎంజీ వ్యాగన్లు కొత్తవేమీ కావు. జనాన్ని మోసి అరిగిపోయిన ప్యాసింజర్ బోగీలకే కిటికీలు మూసి, సీట్లు పీకి, చివర తలుపులు పెట్టినవి. కార్ల కంపెనీ అడిగితే పాత బోగీ రూపం మార్చిన రైల్వే, మిర్చి వ్యాపారి అడిగితే మాత్రం ‘రేక్ నింపుతావా?’ అని ఎదురు అడుగుతోంది.