మ్యాప్ రంగు చూసి మేత పరిహారమా?

కరవులో పశువులున్న రైతుకు ప్రభుత్వం అండగా నిలవాల్సిందే. అందులో రెండో మాట లేదు. కానీ అమెరికాలో మేత నష్టానికి ఇస్తున్న విపత్తు సాయం నడుస్తున్న తీరు మాకు ఆందోళన కలిగిస్తోంది. నష్టం ఎంతో చూడకుండా డబ్బు పంచడం అక్కడ చట్టంలోనే పాతుకుపోతోంది.

2014 ఫామ్ బిల్లుతో (అమెరికా వ్యవసాయ చట్టం) శాశ్వతమైన ఈ పథకానికి ఆధారం, కరవు తీవ్రతను రంగుల్లో చూపుతూ ప్రతి గురువారం వెలువడే కరవు మ్యాప్. మేత సీజన్‌లో కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఏ మూలైనా తీవ్ర కరవు రంగు వరుసగా 8 వారాలు ఉంటే, ఒక నెల మేత ఖర్చులో 60 శాతం లెక్కన సాయం ఇచ్చేవారు. 2025 జూలైలో వచ్చిన ‘వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్’ అనే చట్టం ఆ 8 వారాలను 4కు దించేసింది. 8 వారాల్లో 7 వారాలు ఆ రంగు ఉంటే రెండు నెలల సాయం.

‘ఏ మూలైనా’ అన్న మాటలోనే ఉంది చిక్కంతా. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కౌంటీ ఒక్కటే 20 వేల చదరపు మైళ్లు దాటుతుంది. అంత పెద్ద కౌంటీలో ఒక అంచు ఎండితే, వంద మైళ్ల అవతల ఉన్న పచ్చిక కూడా అర్హత జాబితాలోకి వచ్చేస్తుంది. మేత నష్టపోయానని ఆసామి ధ్రువీకరిస్తే సరి. ఆ బీడులో నిజంగా ఎంత గడ్డి పోయిందో కొలిచే పద్ధతి లేదు. లెక్కంతా పశువుల సంఖ్య మీద, భూమి విస్తీర్ణం మీద సాగుతుంది. పైగా కరవును ముందే గుర్తించి మందను తగ్గించుకున్న రైతుకు, అమ్మిన పశువులపై 80 శాతం రేటే దక్కుతుంది. ఎండిన నేల మీదే మందను నిలబెట్టుకున్నవాడికి పూర్తి రేటు. గడ్డి వేళ్లతో సహా పోయేది ఇలాంటి చోటే.

కొలతలు వేస్తూ కూర్చుంటే సాయం అందేలోపు మంద సంతకు పోతుందని పశుపోషకుల వాదన. 2025 జనవరి 1 నాటికి ఆ దేశంలో ఆవులు, ఎద్దులు, దూడలు కలిపి 8.67 కోట్లకు పడిపోయాయి, 1951 తర్వాత అప్పటికి అదే కనిష్ఠం. వాళ్ల టెన్షన్ అర్థమవుతోంది. అయితే త్వరగా ఇవ్వడం వేరు, చూడకుండా ఇవ్వడం వేరు.

నష్టం కళ్ల ముందు కనిపించిన చోట ఏం జరిగిందో చూడండి. 2024 ఫిబ్రవరిలో టెక్సస్ ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్‌ ప్రాంతంలో పుట్టిన స్మోక్‌హౌస్ క్రీక్ మంటలు 10 లక్షల ఎకరాలకు పైగా కాల్చేశాయి. కంచె గుంజలు నిలువునా బొగ్గయ్యాయి. బతికిన ఆవులకు దిక్కు, ఇతర రాష్ట్రాల రైతులు లారీలకెత్తి పంపిన ఎండుగడ్డి కట్టలు. ఈ శాశ్వత పథకం మాత్రం అగ్నిప్రమాదం విషయంలో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ అధీనంలోని భూములనే చూస్తుంది. అక్కడ కాలినది ఎక్కువగా సొంత భూమి. వాళ్ల కోసం వేరే పథకం పెట్టి దరఖాస్తులు తీసుకునేసరికి 2025 సెప్టెంబరు వచ్చింది. అదే ఏడాది మే చివర్లో, కరవు సాయం ఇదివరకే అందుకున్నవాళ్లకు మాత్రం కొత్త దరఖాస్తు కూడా అడగకుండా వంద కోట్ల డాలర్లకు పైగా అదనంగా ప్రకటించారు.

మా భయం ఇదే. ఒకసారి సడలించిన షరతు మళ్లీ బిగిసిన దాఖలా ఈ పథకంలో మాకు కనిపించలేదు. 8 వారాలు 4 అయ్యాయి. రేపు 2 ఎందుకు కాకూడదని అడిగితే, అడ్డు చెప్పడానికి అమెరికా చట్టసభ కాంగ్రెస్ దగ్గర ఏ కొలమానం మిగిలింది? నష్టాన్ని కొలవమని ఎవరూ అననప్పుడు వారాలను ఎంతకైనా కుదించవచ్చు. మొదట ఫామ్ బిల్లు, దానిపై ప్రత్యేక ప్యాకేజీ, దానిపై మరో సడలింపు... ఇలా అత్యవసర సాయం ఏటా వచ్చే ఆదాయంగా మారుతోంది.

మ్యాప్‌తో పాటు పచ్చిక బయలునూ చూడండి. సొంత భూమిలో కాలిన గడ్డిని శాశ్వత చట్టంలో చేర్చండి. కంచెలు కాలిన పాన్‌హ్యాండిల్ రైతు దరఖాస్తు పెట్టుకోవడానికే ఏడాదిన్నర ఎదురుచూశాడు. ఆ ఏడాదిన్నరలో మేత నష్టం మీద కాంగ్రెస్ తెచ్చిన సంస్కరణ, 8ని 4 చేయడం.