చదవమంటారా, వినమంటారా?

రాబోయే మన సభల్లో మాట్లాడబోయేవాళ్లకు ఒక విన్నపం. స్లైడ్లు మొదలుపెట్టే ముందు ల్యాప్‌టాప్ మూసేసి, చెప్పదలుచుకున్నది ఒకసారి పైకి చెప్పుకుని చూడండి. ఎక్కడైతే మాట చాలక చేతులతో గాలిలో బొమ్మ గీయాలనిపిస్తుందో, అక్కడే స్లైడ్ కావాలి. మిగతా చోట్ల మీ గొంతు సరిపోతుంది.

మనలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నాం. ముందు ఇరవై స్లైడ్లు నింపేస్తాం, తర్వాత వాటిని చూసి చదువుతాం. మర్చిపోతామేమో అన్న టెన్షన్‌తో ప్రసంగం మొత్తం తెర మీద పెట్టేస్తాం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ గుర్తుకోసం రాసుకున్నది మన చేతిలో చిన్న కార్డు మీద ఉండాలి, జనం ముందు కాదు. తెర మీద వాక్యాలు కనిపిస్తే ఎవరైనా చదవడం మొదలుపెడతారు. కళ్లు ఒక వాక్యం మీద, చెవులు ఇంకో వాక్యం మీద ఉంటే రెండూ సగం సగమే లోపలికి వెళ్తాయి. బొమ్మకు ఆ ఇబ్బంది లేదు. కన్ను దాన్ని చూస్తూ ఉంటుంది, చెవి మీ మాట వింటూ ఉంటుంది.

ఒక వస్తువును చూపించడం ఎంత పని చేస్తుందో 1986లో ఫేన్‌మన్ చేసి చూపించారు. ఆ జనవరిలో ఛాలెంజర్ వ్యోమనౌక కూలి ఏడుగురు చనిపోయారు. విచారణ సంఘంలో సభ్యుడైన ఈ భౌతిక శాస్త్రవేత్త, రాకెట్ అతుకుల్లో వాడే రబ్బరు ముక్కను చిన్న క్లాంపుతో బిగించి, ఐసు నీళ్ల గ్లాసులో ముంచారు. కాసేపటికి బయటికి తీసి క్లాంపు వదులు చేస్తే, రబ్బరు వెంటనే మునుపటి ఆకారానికి రాలేదు. ప్రయోగం రోజున ఉన్నలాంటి చలికి రబ్బరు సాగే గుణం తగ్గుతుందన్న విషయం అక్కడున్న అందరికీ కళ్లముందే తేలిపోయింది.

2003లో కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని పోగొట్టుకున్న కొలంబియా వ్యోమనౌక విషయంలో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. నౌక ఇంకా అంతరిక్షంలో ఉండగానే, ఇంధన ట్యాంకు పైపూత నుంచి ఊడి రెక్కకు తగిలిన ఫోమ్ ముక్క గురించి ఇంజినీర్లు అధికారులకు స్లైడ్లు చూపించారు. ఆ ముక్క పరిమాణం సుమారు 1,920 క్యూబిక్ అంగుళాలని అప్పటి అంచనా. అంతకుముందు పరీక్షల్లో వాడిన ముక్క 3 క్యూబిక్ అంగుళాలే. అంటే 640 రెట్లు తేడా! ఆ అంకెలు స్లైడ్‌లో అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉన్నాయి. పైనున్న శీర్షికేమో ధైర్యం చెప్పేలా ఉంది. ప్రమాదానికి స్లైడే కారణమని నేను అనను, కారణం రెక్కకు తగిలిన దెబ్బ. కానీ ఆ స్లైడ్‌ను దర్యాప్తు సంఘం తన నివేదికలో ప్రత్యేకంగా చూపి తప్పుపట్టింది. అందరికన్నా ముందు తెలియాల్సిన సంగతి అందరికన్నా కింద ఉండిపోయింది.

అందుకే శీర్షిక విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. 'ఖర్చుల వివరాలు' అని రాస్తే ఏమీ చెప్పనట్టే. 'ఖర్చులో సగం హాలు అద్దెకే పోయింది' అని రాయండి, కింద రెండు పట్టీల గ్రాఫ్ పెట్టండి. పెద్ద పట్టిక పెట్టి "ఇది మీకు కనిపించకపోవచ్చు" అనే వక్తలను చాలామందిని చూశాను. కనిపించనప్పుడు దాన్ని పెట్టడం ఎందుకు? ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే తేడా చూపించకండి, ఆ రెండింటినీ వేరుచేసి చూడలేనివాళ్లు ప్రతి సభలోనూ ఉండొచ్చు.

తెలుగులో స్లైడ్లు చేసేవాళ్లకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మన అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే సైజు, లైన్ల మధ్య ఖాళీ తెలుగుకు చాలవు, పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది. చివరి వరుసలో కూర్చుని చదివి చూడండి. ఇంట్లో చక్కగా కనిపించిన అక్షరాలు సభలోని ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంట్ లేక డబ్బాలుగా మారిపోవచ్చు. ఓ పెద్దాయన ఎంతో ప్రేమగా చేసుకొచ్చిన ప్రసంగం అలా పాడవడం చూసి బాధపడ్డాను. పీడీఎఫ్ కాపీ ఒకటి తెచ్చుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

వస్తువు ఏదైనా తెస్తే, మాట్లాడుతూ ఉండగా చేతులు మార్చి తిప్పకండి. అది ఎవరి దగ్గరుంటే వాళ్లు మీ మాట వినరు. మనసుకు దగ్గరైన సంగతి చెప్పేటప్పుడు తెరను ఖాళీ చేయండి. పవర్‌పాయింట్‌లో స్లైడ్ షో నడుస్తుండగా కీబోర్డు మీద ఇంగ్లీషు 'బి' నొక్కితే తెర నల్లగా అయిపోతుంది, మళ్లీ నొక్కితే స్లైడ్ వస్తుంది. పూర్తి వివరాలు కావాలనేవాళ్లకు రెండు పేజీల కాగితం విడిగా రాసి, ప్రసంగం అయ్యాకే పంచండి.