బయోమార్కర్ మారితే సరిపోదు

బయోమార్కర్ల గురించి, అంటే రోగాన్నో మందు ప్రభావాన్నో చూపించే, శరీరంలో కొలవగలిగే గుర్తుల గురించి మీరు రాసిన వ్యాసంలో "బయోమార్కర్ విలువ మారిందంటే మందు పనిచేస్తున్నట్టే" అన్నారు, అక్కడ మాత్రం నేను ఒప్పుకోలేను. టోర్సెట్రాపిబ్ అనే మందు సంగతే చూడండి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌ని బాగా పెంచింది, కానీ ఆ మందు తీసుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువ కావడంతో 2006లో ట్రయల్ ఆపేశారు. హెర్2 అనే ప్రోటీన్ సంగతి వేరు, అది ఎక్కువగా ఉన్న రొమ్ము క్యాన్సర్‌కి ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇస్తారు, ఎవరికివ్వాలో హెర్2 టెస్టే ముందుగా తేలుస్తుంది.

ఇంకో మాట. టెస్టు కిట్ల గురించి అంత రాసి రక్తం శాంపిల్ గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు! నేను ల్యాబ్‌లో రోజూ ఎలైజా (శాంపిల్లో ప్రోటీన్లను కొలిచే టెస్టు) ప్లేట్లు చేస్తాను. సెంట్రిఫ్యూజ్‌లోంచి (రక్తాన్ని వేగంగా తిప్పి విడదీసే యంత్రం) ట్యూబు తీయగానే పైనున్న ప్లాస్మా అనే ద్రవం లేత పసుపుగా కాకుండా గులాబీ రంగులో కనిపిస్తే నాకు అక్కడే టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే ఎర్రకణాలు పగిలి వాటిలోని పొటాషియం, ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ బయటికి వచ్చేసి ఉంటాయి, ఇక టెస్టులో వాటి అంకె పెరిగింది రోగం వల్లో రక్తం తీసిన తీరు వల్లో ఎవరు చెప్పగలరు? ఒకే ట్యూబును పదే పదే కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే కొన్ని ప్రోటీన్లు దెబ్బతింటాయి, అందుకే మొదటి రోజే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టుకోవాలి. దయచేసి ఈ భాగం కూడా వ్యాసంలో చేర్చండి.