రేసు ముగిసిన గుర్రానికి మెడపట్టీ ఎందుకు?

హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో పరుగు ముగించిన థరోబ్రెడ్ (పందేల కోసం పెంచే జాతి) గుర్రాన్ని కొన్నవారు తరచూ చెప్పే ఫిర్యాదు ఒక్కటే. తలుపు అంచును పై పళ్లతో పట్టి, మెడ బిగించి గాలి గుటకలు వేస్తోందని, లేదా గడప దగ్గర నిలబడి గంటల తరబడి ఊగుతోందని. మొదటిది క్రిబ్బింగ్, రెండోది వీవింగ్. క్రిబ్బింగ్ ఆపాలని వెంటనే మెడకు బిగుతైన పట్టీ వేస్తారు. ఆ పట్టీ ఇవాళే విప్పేయాలి, ఎందుకంటే ఈ అలవాటు మూలం చాలావరకు మేతలో ఉంది.

గుర్రం కడుపులో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది. దాన్ని చల్లార్చే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. బయట వదిలితే రోజుకు పదహారు గంటలైనా మేసే జీవి ఇది. రేసు లాయంలో రోజులో ఎక్కువ భాగం నాలుగు గోడల మధ్య నిలబెట్టి, ఓట్స్, బార్లీ, గుగ్గిళ్లు పూటల వారీగా పెడతాం. పొట్ట పై భాగంలో రక్షణ పొర ఉండదు, అక్కడే పుండ్లు పడతాయి. దాణా తిన్న వెంటనే క్రిబ్బింగ్ పెరగడం లాయంలో ఎవరైనా గమనించవచ్చు.

పట్టీ తీస్తే పళ్లు అరుగుతాయి, కడుపునొప్పి వస్తుంది అంటారు. పళ్లు అరిగే మాట నిజమే, అందుకే అంచులకు రబ్బరు కొట్టాలి. ఒక రకం ప్రాణాంతకమైన పేగు చిక్కు ఈ గుర్రాల్లో ఎక్కువన్నదీ నిజమే. కానీ ఆ గాలిలో చాలా భాగం పొట్టలోకి పోదు, అన్నవాహిక పై భాగంలోంచే తిరిగి వచ్చేస్తుంది. పట్టీతో కోరిక చావదు. విప్పిన రోజు రెట్టించి చేస్తుంది.

చేయాల్సింది మేత మార్చడం. 500 కిలోల గుర్రానికి రోజుకు 8 నుంచి 10 కిలోల మంచి ఎండుగడ్డి కావాలి. వరిగడ్డితో ఆ లెక్క నింపితే పేగుల్లో అడ్డు పడుతుంది. నాలుగైదు విడతలుగా, చిన్న కన్నుల వలలో, గుర్రం ఛాతీ ఎత్తున కట్టి పెట్టండి. ఇంకా కిందికి కడితే కాలి లాడం వలలో చిక్కుకుంటుంది. చివరి విడత రాత్రి పదికి. దాణా ఒక్క పూటకు 2 కిలోలు దాటకూడదు, దానికి ముందు కిలో లూసర్న్ (అల్ఫాల్ఫా) మేత వేస్తే అందులోని కాల్షియం ఆమ్లాన్ని కొంత అణచుతుంది. మార్పంతా రెండు వారాల్లో మెల్లగా జరగాలి. పుండు ఉందని ఎండోస్కోపీలో తేలితే డాక్టరు చెప్పినట్టు ఆమ్లం తగ్గించే మందు ఒమెప్రజోల్, కిలో బరువుకు 4 మి.గ్రా., పొద్దున్నే ఖాళీ కడుపున, నాలుగు వారాలు.

ఊగే గుర్రానికి తోడు కావాలి. పక్క గోడలో తల ఎత్తున ఊచల కిటికీ తీయండి. కుదరకపోతే పగలని అద్దం బిగించినా చాలా గుర్రాల్లో ఊగడం తగ్గుతుంది. దాణా బండి చప్పుడుకే ఊగుడు మొదలవుతుంది కాబట్టి దానికే ముందు వేయండి. బయటకు వదలడంలో తొందర వద్దు. ఏళ్లుగా విడిగా తిరగని గుర్రం పిచ్చిగా పరిగెత్తి కాలు విరగ్గొట్టుకుంటుంది. ముందు చిన్న ఆవరణలో, నెమ్మదైన ముసలి గుర్రంతో గంటసేపు చాలు. పాత క్రిబ్బింగ్ పూర్తిగా పోదు, పోవాలని పట్టుబట్టకండి.

అసలు ఈ ఖర్చు కొత్త యజమాని నెత్తిన ఎందుకు పడాలి? రెండేళ్ల ప్రాయంలో పరుగుకు దింపి, ఇంకా ఇరవై ఏళ్ల ఆయువు ఉండగానే వదిలించుకుంటున్నారు. బ్రిటన్ రేసింగ్ రంగం ఇలాంటి గుర్రాల కోసమే 2000లో ‘రీట్రైనింగ్ ఆఫ్ రేస్‌హార్సెస్’ సంస్థను నెలకొల్పింది. మన క్లబ్బులూ గుర్రం నమోదైన రోజే యజమాని నుంచి డిపాజిట్ తీసుకోవాలి. ఆరు వారాల విశ్రాంతి, ఎండోస్కోపీ రిపోర్టు, మేత పట్టిక చేతికి వచ్చేదాకా ఆ డబ్బు తిరిగి ఇవ్వకూడదు.