తూము ఎవరు బాగుచేయాలి?

అమెరికాలో వన్యప్రాణుల కోసం కేంద్ర ప్రభుత్వం కేటాయించిన నేలల్ని వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లు అంటారు. దేశమంతటా 570కి పైగా ఉన్నాయి. చాలావాటికి ‘ఫ్రెండ్స్’ అనే బృందం ఒకటి ఉంటుంది. చుట్టుపక్కల జనం జీతం లేకుండా పనిచేస్తారు, సభలు పెడతారు, చందాలు పోగుచేస్తారు. అలాంటి బృందంలో ఉన్న ఒక అమ్మాయికీ, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరై ఆమె దగ్గరికి వచ్చిన బాబాయికీ మధ్య జరిగిన వాదన ఇది. ముందురోజు సాయంత్రం ఇద్దరూ చందాల సభకు వెళ్ళొచ్చారు. నేను అమ్మాయి పక్షమే. అయినా బాబాయి మాటల పదును తగ్గించి రాయలేదు. వాటికి జవాబు వెతుక్కోకుండా ఎవరినీ చందా అడగలేమని నా నమ్మకం.

బాబాయి: నిన్న మీ అభయారణ్యం సభలో...

అమ్మాయి: అరణ్యం కాదు బాబాయ్, చిత్తడి నేల. చెట్లకన్నా నీళ్ళే ఎక్కువ.

బాబాయి: నీళ్ళ సంగతి కాబట్టే అడుగుతున్నానమ్మా. సభకు ముందు గట్టు మీద కాసేపు నడిచాను. పడమటి తూము తలుపు తుప్పు పట్టి అడుగున చిల్లిపడింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. సభలో గంటసేపు మాట్లాడారు. కొత్త బైనాక్యులర్లు అన్నారు, దాతల పేర్లు చెక్కించే పలకలు అన్నారు. ఆ తూము మాట ఒక్కరూ ఎత్తలేదు.

అమ్మాయి: తూము మా పని కాదు. రెఫ్యూజ్‌ని నడిపేది ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అనే కేంద్ర ప్రభుత్వ శాఖ. బాగుచేయించాల్సింది వాళ్ళే. మా చందాలు దానికి ఏ మూలకూ చాలవు.

బాబాయి: మరి అక్కడ అన్నిటికన్నా ముఖ్యమైనది ఏదో చెప్పు. బాతులు ఎందుకొస్తున్నాయి? వసంతంలో నీళ్ళు మెల్లగా దించితే బురదలో గింజల గడ్డి మొలుస్తుంది. అది పండాక శరదృతువులో మళ్ళీ నీళ్ళు పెడితే ఆ గింజలు నానుతాయి, వలస పక్షులకు మేతవుతాయి. మీ మేనేజరే చెప్పాడు. అంటే ఆ నేల బతుకంతా తూము తలుపు మీద ఆధారపడి ఉంది. దాన్ని వదిలేసి పలకలు చెక్కిస్తున్నారు.

అమ్మాయి: పలకలు నాకూ ఇష్టం లేదు. కానీ పేరు కనిపిస్తే ఇచ్చేవాళ్ళు ఉన్నారు. ఆ డబ్బుతోనే స్కూలు పిల్లల బస్సులకు కడుతున్నాం.

బాబాయి: అక్కడికే వస్తున్నాను. దాత మెచ్చేదానికే డబ్బు వస్తుంది. కళ్ళు పెద్దవిగా ఉన్న పక్షిపిల్ల ఫోటో పెడితే వస్తుంది. తూముకి రాదు, కలుపు పీకడానికి రాదు. ప్రభుత్వ నేల, జనం కట్టిన పన్ను. మళ్ళీ ఆ జనం ముందే చేయి చాపుతున్నారు. ఊరివాళ్ళు ఎలాగూ చూసుకుంటున్నారని తెలిస్తే బడ్జెట్ రాసేవాడు ఆ పద్దు మీద ముందు కోత పెడతాడు. మీ మంచితనమే ప్రభుత్వానికి సాకు అవుతుంది.

అమ్మాయి: సాకు మేమిచ్చింది కాదు బాబాయ్, ఈ కథ మొదలైందే అలా. మొట్టమొదటి రెఫ్యూజ్ ఫ్లోరిడాలోని పెలికన్ ఐలాండ్. ఆడవాళ్ళ టోపీల మీద ఈకల కోసం పక్షుల్ని గుంపులు గుంపులుగా చంపుతుంటే, 1903 మార్చి 14న థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ చిన్న దీవిని కాపాడుతూ ఉత్తర్వు ఇచ్చాడు. ఉత్తర్వైతే వచ్చింది గానీ కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, డబ్బు కేటాయించలేదు. కాపలాదారు పాల్ క్రోగెల్‌కి నెలకు ఒక్క డాలర్ జీతం. అదీ పక్షుల రక్షణ కోసం జనం పెట్టుకున్న ఆడుబాన్ సొసైటీ ఇచ్చింది. జనం ఆ డాలర్ ఇవ్వకపోతే ఆ ఉత్తర్వుకి కాపలా ఎవరు?

బాబాయి: ఒక్క డాలర్! దీన్ని గొప్పగా చెప్పుకుంటున్నావా? ప్రాణం పణంగా పెట్టే పనికి నెలకో డాలరా?

అమ్మాయి: గొప్పగా కాదు. అదే ఫ్లోరిడాలో గై బ్రాడ్లీ అనే కాపలాదారుని 1905లో ఒక ఈకల వేటగాడు కాల్చి చంపాడు. ఆయన కూడా ఆడుబాన్ వాళ్ళ తరఫున పనిచేసినవాడే. ఆ చావు తర్వాతే చాలామందికి ఈకల వ్యాపారం అంటే ఏంటో అర్థమైంది. చట్టాలు గట్టిపడ్డాయి. ముందు నడిచింది జనం, ప్రభుత్వం వెనక వచ్చింది.

బాబాయి: వెనకైనా వచ్చింది కదా, ఇక అక్కడే ఉండాలి. పని జరిగిన తీరు నేను చెబుతాను విను. 1934లో డక్ స్టాంప్ పెట్టారు. మొదటి స్టాంప్ బొమ్మ వేసింది డింగ్ డార్లింగ్ అనే కార్టూనిస్టు. అప్పుడు ధర ఒక డాలర్, ఇప్పుడు 25. పదహారేళ్ళు నిండిన ప్రతి బాతుల వేటగాడూ కొనాల్సిందే. ప్రతి డాలర్‌లో 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికీ కాపాడడానికీ పోతాయి. అది చందా కాదు, చట్టం. ఎవరి మూడ్ బాగున్నా లేకపోయినా, వాన పడి సభకి జనం రాకపోయినా ఆ డబ్బు ఆగదు. వ్యవస్థ అంటే అదీ.

అమ్మాయి: డక్ స్టాంప్‌ని నేనూ నెత్తిన పెట్టుకుంటాను. వేటకి వెళ్ళని నేనూ ఏటా కొంటాను. కానీ అది నేల కొనిపెడుతుంది గానీ నేల తరఫున మాట్లాడదు. గ్రేట్ స్వాంప్ గురించి విన్నారా?

బాబాయి: లేదు.

అమ్మాయి: న్యూజెర్సీలో ఉంది. 1959 చివర్లో అక్కడి పోర్ట్ అథారిటీ ఆ చిత్తడిని పూడ్చి పెద్ద జెట్ విమానాశ్రయం కడతామంది. ప్రభుత్వ సంస్థే బాబాయ్, పైగా మహా బలమైనది. హెలెన్ ఫెన్స్కె లాంటి స్థానికులు ఇంటింటికీ తిరిగారు, సభలు పెట్టారు, చందాలు పోగుచేశారు. పది లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. దాంతో దాదాపు 3,000 ఎకరాలు కొని కేంద్ర ప్రభుత్వానికి ఉచితంగా రాసిచ్చేశారు. 1960 నవంబర్‌లో అది రెఫ్యూజ్ అయింది. విమానాశ్రయం మాట అక్కడితో ఆగలేదు. 1968లో అందులో కొంత భాగాన్ని చట్టం ప్రకారం వైల్డర్‌నెస్‌గా, అంటే ఎవరూ కట్టడాలు కట్టకూడని నేలగా, ప్రకటించేదాకా పోరాడాల్సి వచ్చింది. మీరు చెప్పే వ్యవస్థ ఆ రోజు రెండు పక్షాలుగా చీలి ఉంది. తూకం మార్చింది చందాలే.

(బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. ఈ ఉదాహరణ ఆయనకు నచ్చింది, నచ్చినట్టు ముఖంలో తెలిసిపోయింది కూడా.)

బాబాయి: ఇది వేరే సంగతి. అక్కడ డబ్బుతో ఒక ప్రమాదాన్ని ఆపారు. పని స్పష్టం, గడువు స్పష్టం. ఏటా సభ పెట్టి బైనాక్యులర్లు కొనడంతో దాన్ని పోల్చకు.

అమ్మాయి: ఏటా సభ పెట్టకపోతే ప్రమాదం వచ్చిన రోజు ఎవరిని పిలుస్తాం? మీకొక సంగతి చెబుతాను. మా రెఫ్యూజ్ మేనేజర్ ప్రభుత్వ ఉద్యోగి. తన తూముకి డబ్బు కావాలని కాంగ్రెస్ సభ్యుల మీద ఒత్తిడి తేవడానికి, జనాన్ని ఉసిగొల్పి ఫోన్లు చేయించడానికి చట్టం ఒప్పుకోదు. ఎదురుగా తలుపు తుప్పు పట్టిపోతున్నా పైఅధికారికి కాగితం పెట్టి కూర్చోవాల్సిందే. మేం మాట్లాడొచ్చు. ఫ్రెండ్స్ బృందానికి ఉన్న అసలు విలువ అది. చందా ఇచ్చిన మనిషికి ఆ నేల మీద మనసు ఉంటుంది. ఉత్తరం రాయమంటే రాస్తాడు.

బాబాయి: మరి రాయించారా? తూము కోసం ఒక్క ఉత్తరం?

అమ్మాయి: ...లేదు. ఇప్పటిదాకా లేదు.

బాబాయి: చూశావా! మాట్లాడగలిగింది మీరొక్కరే అన్నావు, మరి మీరే మాట్లాడలేదు. సభలో మేనేజర్ నవ్వుతూ కృతజ్ఞతలు చెప్పాడు, మీరు చప్పట్లు కొట్టారు. అతను చెప్పలేనిది మీరు చెప్పి ఉండాల్సింది. డబ్బు పోగుచేసే పనిలో పడితే అంతా బాగుందని చూపించాలనిపిస్తుంది. తూముకి చిల్లి పడిందంటే దాత మొహం చిన్నబోతుందని భయం. అందుకే పలకలు.

అమ్మాయి: ఆ మాట ఒప్పుకుంటున్నాను. ఊరికే ఒప్పుకోవడం కాదు, నాకు సిగ్గుగానే ఉంది.

బాబాయి: ఇంకో మాట. 2013 అక్టోబర్‌లో ఖర్చులకు కాంగ్రెస్ ఆమోదం రాక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులు 16 రోజులు మూతబడితే రెఫ్యూజ్‌లన్నీ జనానికి మూసేశారు. వాలంటీర్లూ ఇళ్ళలో కూర్చోవాల్సి వచ్చింది. ఉచితంగా చేస్తామన్నా కుదరదు. అంటే మీ సేవ ప్రభుత్వం పక్కన నిలబడగలదు గానీ ప్రభుత్వం లేని చోట నిలబడలేదు. ఆ తేడా మీ కరపత్రంలో ఎక్కడా లేదు. ‘మీ చందాతోనే పక్షులు బతుకుతాయి’ అని రాశారు. అది అబద్ధం.

అమ్మాయి: అబద్ధం అనకండి, అతిశయం అనండి.

బాబాయి: డబ్బు అడిగే కాగితంలో రెండూ ఒకటే తల్లీ.

అమ్మాయి: సరే, ఆ వాక్యం తీసేయిస్తాను. ఇప్పుడు నా మాట వినండి. చందాలన్నీ దండగన్నట్టు మాట్లాడకండి. వ్యోమింగ్‌లోని నేషనల్ ఎల్క్ రెఫ్యూజ్ చూడండి. ఎల్క్ అంటే పెద్ద దుప్పులు. ఏటా వసంతంలో మగవాటి కొమ్ములు వాటంతటవే రాలిపోతాయి. స్కౌట్ పిల్లలు వాటిని ఏరుతారు, మే నెలలో జాక్సన్ ఊళ్ళో వేలం వేస్తారు. వచ్చినదాంట్లో ఎక్కువ భాగం రెఫ్యూజ్‌లో మేత నేలల బాగుకే పోతుంది. ఏ జంతువుకీ హాని లేదు. ఆ పిల్లలు ఆ నేలంతా కాలినడకన తిరుగుతారు. ఏ ఉపన్యాసంతో అది వస్తుంది?

బాబాయి: దాని రెండో వైపు కూడా చెప్పు. ఆ ఎల్క్‌లకు 1912 నుంచీ చలికాలంలో మేత పోస్తున్నారు. వేల జంతువులు ఒకేచోట మూతులు పెట్టి తింటే రోగాలు పాకుతాయని శాస్త్రవేత్తలు ఎన్నేళ్ళ నుంచో మొత్తుకుంటున్నారు. అయినా ఆపడం కష్టమైంది. మందలు కళ్ళెదుట ఉండాలని ఊరికీ ఉంటుంది, చూడవచ్చేవాళ్ళకీ ఉంటుంది. మనుషుల ప్రేమ జంతువుకి ఎప్పుడూ మేలే చేస్తుందని ఎవరన్నారు?

అమ్మాయి: అది మేత పోసే విధానం మీద వాదన. వేలం మీద కాదు.

బాబాయి: రెండింటి వెనకా ఉన్నది ఒకే కోరిక, దగ్గరగా చూడాలని. నిన్న మీ సభలోనూ అదే చూశాను. సూర్యుడు దిగుతుంటే పక్షులు రాత్రి మకాం కోసం నీళ్ళలోకి వస్తున్నాయి. సరిగ్గా ఆ వేళకే కార్లు వచ్చి గట్టు కింద ఆగాయి. ఒక కారు తలుపు ‘ధన్’మంది. మంద మొత్తం లేచింది, చుట్టు తిరిగి దిగింది. రెండో తలుపు. మళ్ళీ లేచింది. నేను ఉన్నంతసేపట్లో మూడుసార్లు. వేల మైళ్ళు ఎగరాల్సిన పక్షి ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి ఇంధనం. మీరేమో ఆ ఇంధనం తగలబెట్టి దాని పేరుతోనే చందా అడిగారు.

(ఇక్కడ అమ్మాయి గొంతు మారింది. నిన్న మంద లేచినప్పుడు జనం ‘ఆహా’ అన్నారట. ఆమె కూడా అన్నదట.)

అమ్మాయి: మంద లేస్తే అందంగా ఉంటుంది బాబాయ్. జనం అందుకే వస్తారు. న్యూమెక్సికోలో బోస్కే డెల్ అపాచీ రెఫ్యూజ్ దగ్గర శాండ్‌హిల్ క్రేన్లనే కొంగల్లాంటి పెద్ద పక్షుల కోసం ఏటా పండగే చేస్తారు. తెల్లవారుజామున చలిలో నిలబడి అవి లేచే క్షణం కోసం చూస్తారు. కానీ ఆ లేవడం వాటంతట అవి లేవడం. మా దగ్గర నిన్న మేం లేపాం. ఆ తేడా నాకు నిన్నే తెలిసి ఉండాల్సింది.

బాబాయి: సభలు మానేయమనడం లేదు నేను.

అమ్మాయి: పొద్దుట్నించీ అదే అంటున్నారు!

బాబాయి: పొద్దున్న అన్నాను. గ్రేట్ స్వాంప్ కథ విన్నాక అనడం లేదు. కానీ సభ స్కూలు హాల్లో పెట్టుకోండి. గూళ్ళ కాలంలో గట్టు వైపే పోకండి. తల్లి లేచిపోతే ఎండకి గుడ్డు ఎంతసేపు ఆగుతుంది? ఇక కాగితంలో రెండు గళ్ళు పెట్టండి. ఒకటి చందాకి, రెండోది సంతకానికి. ‘ఈ చందా పిల్లల బస్సులకు, బైనాక్యులర్లకు. తూము బాగుచేయడం ప్రభుత్వం పని. అది చేయించమని అడగడానికి మీ సంతకం కావాలి’ అని ఉన్నదున్నట్టు రాయండి.

అమ్మాయి: అలా రాస్తే చందా తగ్గుతుంది. చాలామంది సంతకం పెట్టి, పని అయిపోయిందనుకుని వెళ్ళిపోతారు.

బాబాయి: తగ్గనీ.

అమ్మాయి: మీకు తేలికే. బస్సు డబ్బు చాలక పోయినేడు రెండు స్కూళ్ళకి రావద్దని ఫోన్ చేసింది నేను. ఆ పిల్లలు జన్మలో చిత్తడి నేల చూసి ఉండరు. చందా గడి ముందు, సంతకం గడి తర్వాత. ఇంతకన్నా దిగను.

బాబాయి: సంతకం ముందు.

అమ్మాయి: పక్కపక్కన.

బాబాయి: ...సరే, పక్కపక్కన. తూము ఫోటో మాత్రం వేయాలి. చిల్లి కనబడేలా. కావాలంటే దాని కొలతలు, నీళ్ళు ఎంత పోతున్నాయో లెక్క నేను వేసిస్తాను.

అమ్మాయి: అది ఇవ్వండి, చాలా పనికొస్తుంది. మరి సాయంత్రం పక్షుల్ని చూపించడం? అది లేకపోతే స్కూలు హాల్లో సభకి ఎవరొస్తారు?

బాబాయి: పక్షులు రాకముందే జనం వచ్చి కూర్చోవాలి. అవి దిగి సద్దుమణిగాక, చీకట్లో చప్పుడు లేకుండా వెనక్కి రావాలి. కార్లు స్కూలు దగ్గరే ఆగాలి.

అమ్మాయి: అక్కణ్ణుంచి గట్టు దాకా మైలు దూరం బాబాయ్. మా బృందంలో సగంమంది మీ వయసువాళ్ళు. ఒకావిడ వీల్‌చెయిర్‌లో వస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఒక్క సభ తప్పలేదు. ఆవిడకి ఏం చెప్పమంటారు?

బాబాయి: ఆవిడ ఒక్కరి కారు ముందుగా వెళ్ళొచ్చు.

అమ్మాయి: ఒక్కరికి ఒప్పుకుంటే పదిమంది అడుగుతారు. వాళ్ళవీ నిజమైన మోకాళ్ళ నొప్పులే.

బాబాయి: ఆ గట్టు వెడల్పు ఎంత? రేపు పొద్దున్న ఇంకోసారి తీసుకెళ్ళు. టేపు పట్టుకుని వస్తాను.