గోమార్లకూ ఆటిజానికీ ముడి పడుతుందా?

పిల్లాడికి రెండేళ్లు దాటాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు, వేలు పెట్టి ఏదీ చూపించడు. మాటలోనూ నలుగురితో కలవడంలోనూ తేడా చూపే ఆటిజమేమో, ఎందుకిలా అని తల్లి ఫోన్లో వెతికితే దొరికే జవాబుల్లో లైమ్ వ్యాధి ఒకటి. గోమార్లు కుడితే వస్తుందట, మెదడుకు ఎక్కుతుందట. ఇంటి పక్కనే గొర్రెల దొడ్డి ఉన్నవాళ్లకు గుండె ఝల్లుమనదా?

మన నల్లగొండ బత్తాయి తోటల జిల్లా కాబట్టి ముందే చెప్పాలి, ఈ లైమ్ నిమ్మజాతిది కాదు. అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక ఊరి పేరు. 1970లలో ఆ చుట్టుపక్కల పిల్లలకు గుంపుగా కీళ్లవాపులు వస్తే ఆరా తీశారు. కారణమైన బ్యాక్టీరియాను విల్లీ బర్గ్‌డార్ఫర్ గుర్తించినట్టు 1982లో లోకానికి తెలిసింది. దాన్ని మోసేవి ఇక్సోడిస్ జాతి గోమార్లు. మన గొర్రెలకూ బర్రెలకూ పట్టేవి ఎక్కువగా వేరే జాతులవి.

అనుమానం గాలిలోంచి పుట్టలేదు. లైమ్ ముదిరితే నరాలను పట్టుకుంటుంది, మూతి వంకరపోవచ్చు, మెదడు పొరలు వాయవచ్చు. ఆటిజం పిల్లల్లో నూటికి ఇరవై మందికో, అంతకంటే ఎక్కువమందికో ఇది ఉందన్న వాదన అలా మొదలైంది.

వాదనను తేల్చే పద్ధతి నల్లగొండకు కొత్త కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు కాళ్లు వంకరపోతే దేవుడి శాపమనుకున్న రోజులున్నాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊరినీ తాగని ఊరినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే గుట్టు బయటపడుతుంది. ఆటిజం విషయంలోనూ అదే చేశారు. 2013లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఆటిజం ఉన్న 70 మంది, లేని 50 మంది పిల్లల రక్తం పరీక్షించారు. మొదటి పరీక్షలో కొద్దిమందిపై అనుమానం వచ్చినా, ఖాయం చేసే రెండో అంచె పరీక్ష దాటేసరికి ఒక్కరిలోనూ లైమ్ తేలలేదు. 120 మంది చిన్న లెక్కే, ఒప్పుకుంటాను. కానీ నూటికి ఇరవై నిజమైతే ఆ 70 మందిలో పద్నాలుగు మందైనా కనిపించాలి కదా!

నాకు భయమేసేది ఆ తర్వాతి మెట్టు. లైమ్ రుజువు కాకుండానే పిల్లలకు నెలల తరబడి యాంటీబయాటిక్స్ ఎక్కించడం. ఖర్చు సరే, కడుపు పాడవుతుంది, మందులకు లొంగని క్రిములు తయారవుతాయి. ఇలా చేజారిన ఏడాది మాత్రం తిరిగి రాదు. మాట నేర్పే శిక్షణ ఎంత చిన్న వయసులో మొదలైతే అంత మేలు.

పిల్లాడి ఒంటిమీద గోమారు కనిపిస్తే పట్టకారుతో చర్మం దగ్గర పట్టి నిదానంగా పీకేయండి. తర్వాత జ్వరమొస్తే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. మాట రాకపోతే వెళ్లాల్సిన చోట్లు వేరు: మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం, సికింద్రాబాద్‌లో జాతీయ మేధో వైకల్య సంస్థ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి, సర్టిఫికెట్ అడిగే హక్కుంది.

హక్కుంది సరే, దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో వారానికి రెండుసార్లు పిల్లాణ్ని చంకనేసుకుని నగరం బస్సెక్కితే రెండు రోజుల కూలి పోతుంది. లైమ్ వీడియో ఇంట్లో కూర్చుంటేనే దొరుకుతుంది.