మహారాజశ్రీ 305/40 ఆర్ 20 గారి సముఖానికి

కాశీబుగ్గ,
శ్రీకాకుళం జిల్లా.

నా కారు వెనక చక్రాలకి టైరైన మహారాజశ్రీ 305/40 ఆర్ 20, 112 వై గారికీ, ముందు చక్రాల మీద కొలువున్న తమరి తమ్ముడుగారు 275/45 ఆర్ 20, 110 వై గారికీ ఒక జీడిపప్పు వ్యాపారి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమంగా లేరన్న సంగతి ఆగస్టు వానల్లో తెలిసింది. టెక్కలి నుంచి వస్తూ నందిగాం దగ్గర రోడ్డు మీద నీళ్ళు నిలిచిన చోట కారు ఒక్క క్షణం నా మాట వినడం మానేసింది. స్టీరింగు నా చేతిలోనే ఉంది, కారు మాత్రం పడవలా పక్కకి జరిగింది. పక్క సీట్లో మా ఆవిడ ఏమీ అనలేదు. ఇంటికి చేరేదాకా ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది.

దిగి చూస్తే తమరి గీతలన్నీ శుభ్రంగా కనపడ్డాయి. మర్నాడు కారు పైకెత్తించి చూస్తే కదా అసలు సంగతి! వెనక రెండింటికీ లోపలి అంచు అరిగి, తీగలు బయటపడి ఉన్నాయి. పెళ్ళిలో ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి పంచెలాగ కనపడే వైపు జరీ, కూర్చునే వైపు చిరుగు. గీతల మధ్య చిన్న చిన్న దిమ్మలుంటాయనీ, రబ్బరు అరిగి వాటితో సమానమైందంటే ఇంక మిగిలింది 1.6 మిల్లీమీటర్లేననీ, అప్పుడు టైరు మార్చెయ్యాలనీ మెకానిక్ చెప్పాడు. బయటి దిమ్మలు తమరు చూపించారు. లోపలివి దాచారు. వ్యాపారంలో నేనూ అంతే అనుకోండి, డబ్బాలో మంచి పప్పు పైనే పోస్తాను. అందుకే ఎక్కువ కోపం తెచ్చుకోలేకపోయాను.

మా వ్యాపారంలో గుండుకి, అంటే విరగని నిండు పప్పుకి, రేటు ఎక్కువ, బద్దకి తక్కువ. తమరి వ్యాపారంలో గుండైతే రేటు సున్నా అని ఆ రోజే తెలుసుకున్నాను.

ఈ కారు నా దగ్గరికి ఎలా వచ్చిందో తమరికి తెలియంది కాదు, దాని కిందే దొర్లుకుంటూ వచ్చారు కాబట్టి. హైదరాబాదులో ఎవరో ఆరేళ్ళు వాడి వదిలించుకున్నారు. కొత్తలో కోటికి దగ్గర. నాకు 28 లక్షలకి వచ్చింది. కొనేటప్పుడు నేను అడిగినవి మూడే ప్రశ్నలు: రంగు నలుపేనా, సన్‌రూఫ్ తెరుచుకుంటుందా, కాగితాలు సరిగ్గా ఉన్నాయా. టైర్ల సంగతి అడగడమంటే పెళ్ళిచూపులకి వెళ్ళి పిల్ల చెప్పుల సైజు అడిగినట్టుంటుందని ఊరుకున్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, ఆ చెప్పుల షాపు వాణ్ణే ముందు కలవాల్సిందని. ఎందుకంటే కోటి రూపాయల కారు ఆరేళ్ళలో 28 లక్షలకి దిగింది గానీ తమరు దిగలేదు. కారుకి వయసు మీదపడింది, యజమాని మారాడు, ఊరు మారింది. తమరి రేటు మాత్రం ఇంకా బంజారాహిల్స్‌లోనే కాపురం ఉంది. నాలుగింటికీ కలిపి రెండు లక్షలని కొటేషను వచ్చింది.

మా నాన్నకి లక్షల్లో చెబితే ఎక్కదు. గేదెల్లో చెప్పాలి. చెప్పాను.

"ఏటిరా, ఒక్కో టైరు ఒక్కో పాడిగేది ఖరీదా? అంటే నాలుగు గేదిల్ని తెచ్చి రోడ్డు మీద అరగదీసేస్తన్నావన్నమాట. గేదైతే పాలైనా ఇస్తాది."

దీనికి జవాబు తమరి దగ్గరుంటే రాసి పంపగలరు. నా దగ్గర లేదు.

సరే, కొనక తప్పదు కాబట్టి తమరి ఒంటి మీద రాసుకున్న జాతకం చదవడం మొదలెట్టాను. కోడ్ భాష నాకు కొత్తేమీ కాదు. డబ్ల్యూ 240 అంటే పౌండు బరువుకి 220 నుంచి 240 గింజల దాకా తూగే తెల్ల గుండు, డబ్ల్యూ 320 అంటే ఇంకొంచెం చిన్నది, డబ్ల్యూ 180 అంటే రాజా అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ ధైర్యంతోనే తమరి పక్కన గొంతుక్కూర్చున్నాను. 305 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 40 అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో 40 శాతం. ఆర్ అంటే రేడియల్, లోపలి అల్లిక రకం. 20 అంటే లోపలి రిమ్ము, అంగుళాల్లో. ఒకే పేరులో మిల్లీమీటరు, శాతం, అంగుళం మూడూ ఇరికించిన మహానుభావుడెవరో గానీ మా మార్కెట్ యార్డులో రెండు రోజులు కూడా నెగ్గుకురాలేడు.

112 అనే అంకె దగ్గర మాత్రం మోసపోయాను. 112 కిలోలు అనుకున్నాను. కాదట, అది పట్టికలో వరస నంబరు, దానికి 1,120 కిలోలు. ముందున్న తమ్ముడుగారి 110కి 1,060. నలుగురూ కలిస్తే 4,360 కిలోలు మోస్తారు. అంటే 10 కిలోల జీడిపప్పు డబ్బాలు 436. ఈ లెక్క నాన్న ముందు వెయ్యడం నా తప్పే. "మరి లారీకి అద్దెలెందుకు కడతన్నావురా?" అన్నాడు. ఆ 4,360లో కారు బరువే రెండు టన్నుల పైమాట అని చెప్పేలోపు లేచి వెళ్ళిపోయాడు.

చివరి అక్షరం వై. గంటకి 300 కిలోమీటర్ల దాకా తట్టుకుంటారని దాని అర్థం. నాలుగు వరసల జాతీయ రహదారి మీద చట్టం నాకిచ్చింది 100. కాశీబుగ్గ బజార్లో ఆటోల మధ్య భగవంతుడిచ్చింది 10. మిగతా 200 చిల్లర కిలోమీటర్ల స్పీడుకి నేను డబ్బు కడుతున్నాను, వాడుకునేది మాత్రం ఎవరూ లేరు. వై లేకపోతే వి చాలదా, 240 వస్తుంది కదా, మా పప్పు గ్రేడు అంకె కూడా అదే కదా అని బేరం పెట్టాను. కారు తలుపు దగ్గరున్న స్టిక్కరు చూడండి, దానికన్నా తక్కువ వెయ్యొద్దు, బరువు అంకె అయితే అసలు దించొద్దు అన్నాడు షాపతను.

ఇక తమరి నక్షత్రం. పక్క గోడ మీద చిన్న చుక్క గుర్తు ఒకటుంది. ఒక్కో కార్ల కంపెనీ తన కారుకి సరిపడేలా చేయించుకున్న టైర్ల మీద ఒక్కో గుర్తు వేయిస్తుందట: ఒకరికి చుక్క, ఒకరికి ఎంఓ, ఇంకొకరికి ఏఓ. మా బావమరిది, అన్నీ తెలిసినవాడు, "చుక్క ఉందంటే మంచి హోటలన్నమాట బావా" అన్నాడు. నవ్వాను గానీ వాడిది పూర్తిగా తప్పు కాదు. హోటళ్ళకి చుక్కలిచ్చే ఆ ఫ్రెంచి పుస్తకాన్ని 1900లో మొదలెట్టింది మిషెలిన్ అనే టైర్ల కంపెనీయే. జనం కార్లేసుకుని ఊళ్ళు తిరిగితే టైర్లు అరుగుతాయని. ఎక్కడో మంచి భోజనం ఉందని చెప్పి మన టైరు అరగదీయించడం! వ్యాపారమంటే అదీ.

ఆ బావమరిదే తరవాత ఇంకో సలహా ఇచ్చాడు. ఇంత పెద్ద కారుకి ఈ పల్చటి టైర్లేంటి, 275/55 సైజులో పెద్ద పెద్ద దిమ్మలున్న ఆల్ టెరైన్ వేయించు, బారువ బీచ్‌లో ఇసక మీద దూసుకుపోవచ్చు అని. లెక్క వేశాను. చక్రం ఎత్తు 755 మిల్లీమీటర్ల నుంచి 810కి పెరుగుతుంది. మడ్‌గార్డుకి రాసుకుంటుంది. మీటరు 100 చూపించినప్పుడు నేను నిజంగా వెళ్ళేది 107 అవుతుంది. పోలీసాయన కెమెరాకి మా బావమరిది సలహా కనపడదు కదా. అయినా బారువ ఇసకలో దిగబడితే లాగడానికి వచ్చేది ట్రాక్టరే. దానికి ఏ నక్షత్రమూ ఉండదు.

ట్రాక్టరంటే గుర్తొచ్చింది. కొటేషను చేతికొచ్చిన వారానికే జీఎస్టీ తగ్గబోతోందని ఊరంతా అనడం మొదలెట్టారు. ఆగాను. కారుకి గోనెలు కప్పి షెడ్డులో పెట్టి, నాన్న పాత మోపెడ్ మీద బజారుకెళ్ళాను. కారెక్కడని అడిగిన ప్రతివాడికీ సర్వీసుకిచ్చానని చెప్పాను. 2025 సెప్టెంబరు 22న తమరి మీద పన్ను 28 నుంచి 18కి దిగింది. రెండు లక్షల బిల్లు 1,84,375 అయింది. 15,625 మిగిలాయని ఇంట్లో గొప్పగా చెప్పుకుంటుంటే ఎదురింటాయన వచ్చి తన ట్రాక్టరు టైర్ల మీద 18 నుంచి 5కి దిగిందన్నాడు. ఆ పూట కాఫీ రుచించలేదు.

తమరి గొప్పతనాల్లో అసలైనది ఇప్పుడు చెబుతాను. తమరు రన్‌ఫ్లాట్. గాలి మొత్తం పోయినా పక్క గోడల బలంతో 80 కిలోమీటర్ల స్పీడు దాటకుండా 80 కిలోమీటర్లు నడుస్తారు. అందుకని కార్లో స్టెప్నీయే పెట్టలేదు. జర్మనీలో కూర్చున్న ఇంజినీరు లెక్క సరైనదే అయ్యుంటుంది, అక్కడ 80 కిలోమీటర్లలో ఏదో ఒక టైర్ల షాపు తగులుతుంది. నా లెక్క వినండి. పలాసలో మేకు దిగితే తమరు నన్ను శ్రీకాకుళం దాకా తెస్తారు. 80కి కాస్త అటూ ఇటూ. సరిగ్గా అక్కడికి తమరి ఓపిక అయిపోతుంది. నేను వాకబు చేసినంతలో శ్రీకాకుళంలో తమరి సైజు దొరకలేదు. విశాఖపట్నం ఇంకా 100 కిలోమీటర్ల పైనే. అంటే తమరు నన్ను మా ఊళ్ళో కాకుండా పక్క ఊళ్ళో రోడ్డు మీద నిలబెడతారు. తేడా అంతే.

పోనీ మామూలు టైర్లు వేయించి స్టెప్నీ ఒకటి డిక్కీలో పడేద్దామా అనుకున్నాను. ధర తగ్గుతుంది, గుంటల్లో నడుము కూడా బతుకుతుంది. కానీ 20 అంగుళాల చక్రం డిక్కీలో పడుకోబెడితే జీడిపప్పు డబ్బాలు ఒళ్ళో పెట్టుకోవాలి. పైగా ముందూ వెనకా సైజులు వేరు, ఏ సైజు స్టెప్నీ మొయ్యను?

మా పంక్చర్ షాపు పెద్దాయన చేతులెత్తేశాడు. లారీ టైరుని ఇనపరాడ్లతో ఊడబెరికే మనిషి. "బాబూ, దీనికి నాను రాడ్డు ఎయ్యను. గోడ రాయిలాగున్నాది. రిమ్ము గీరుకుపోనాదంటే నా షాపు అమ్మినా తీరదు" అన్నాడు. అంత నిజాయితీగా నాతో మాట్లాడింది ఈ వ్యవహారం మొత్తంలో ఆయనొక్కడే.

ఎందుకంటే తరవాత విశాఖపట్నంలో మొదటి షాపులో ఏం చూపించారో చెప్పనా? చుక్క ఉంది, సైజు ఉంది, నిగనిగలాడుతోంది. ఈసారి తెలివి తెచ్చుకుని నాలుగంకెల తేదీ వెతికాను. 1121. అంటే 2021లో 11వ వారంలో పుట్టింది. నాలుగున్నరేళ్ళ రబ్బరు! "నేల మీద ఒక్కసారి కూడా పెట్టలేదు సార్, గోడౌనులోనే ఉంది" అన్నాడు కుర్రాడు. నిరుటి జీడిపప్పు నేనూ అదే మాట చెప్పి అమ్ముతాను బాబూ, నాకు చెప్పకు అన్నాను. రెండో షాపులో 2025లో పుట్టినవే దొరికాయి. వెనక రెండే వేయిస్తానని చివరిసారి బేరమాడి చూశాను. ఈ కారుకి నాలుగు చక్రాలూ ఇంజను లాగుతుంది, సగం అరిగినవి ముందూ నిండు రబ్బరువి వెనకా ఉంటే చుట్టుకొలతలు తేడా వచ్చి లోపలి గేర్‌బాక్సు మీద పడుతుంది, దాని రేటు చెప్పమంటారా అన్నాడు. వద్దన్నాను. నైట్రోజన్ కొట్టించమంటారా అన్నాడు. మామూలు గాలిలో ఎలాగూ 78 శాతం అదే కదా, మిగతా 22 శాతానికి నా దగ్గర డబ్బుల్లేవన్నాను. అలైన్‌మెంట్‌కి, అంటే చక్రాల వంపు సరిచేసే పనికి, మాత్రం నోరెత్తకుండా కట్టాను. లోపలి అంచుని తినేసింది ఆ తేడాయేనట.

తిరుగు దారిలో అరసవల్లి ఆగాను. నాలుగు నిమ్మకాయలు పెట్టాను. 305 మిల్లీమీటర్ల వెడల్పు కింద నిమ్మకాయ చిట్లిన చప్పుడు కూడా వినపడలేదు. లోపల సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకుంటుంటే ఆయన రథం గుర్తొచ్చింది. ఏడు గుర్రాలు, ఒక్కటే చక్రం. ముందు సైజు వెనక సైజు గొడవ లేదు, అలైన్‌మెంట్ లేదు, నాలుగూ ఒకేసారి మార్చమనేవాడు లేడు. స్వామీ, ఆ ఒక్కటీ ఎక్కడ దొరికిందో చెప్పమని అడుగుదామనుకున్నాను గానీ వెనక క్యూ తోసేసింది.

ఇట్లు,
తమరి మీద కూర్చుని తమరి కోసం బతుకుతున్న
ఒక జీడిపప్పు వ్యాపారి.

తా.క.: నాన్న ఇప్పుడు రోజూ తెల్లారగానే టార్చిలైటు పట్టుకుని షెడ్డులోకి వెళ్తున్నాడు. కారు కింద దూరి, నాలుగింటికీ లోపలి అంచు చేత్తో నిమిరి చూస్తున్నాడు, గేదె పొదుగు చూసినట్టు. మొన్న బయటికొచ్చి చెయ్యి కడుక్కుంటూ "ఎడం పక్క వెనకది బాగుంది, కుడిపక్కదే కొంచెం నీరసంగా ఉన్నాది" అన్నాడు. గాలి కొలిపిస్తే నిజంగానే మూడు పాయింట్లు తక్కువుంది.